సైకిల్ టైరు ఎంత వెడల్పుండాలి, గాలి ఎంత కొట్టాలి: ఒళ్లు హూనం కాకుండా తొక్కే పద్ధతి

కొత్తగా గేర్ల సైకిల్ కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే చేసే పని ఒకటుంది. టైరు పక్కన అచ్చేసిన మాక్సిమమ్ అంకె చూసి, సరిగ్గా అంత గాలి కొట్టించేస్తారు. నేనూ అదే చేశాను. నాది 25 మి.మీ. టైర్లున్న రోడ్డు సైకిల్, టైరు మీద 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. మా వీధి చివర పంచర్ షాపులో కంప్రెసర్‌తో కొట్టించాను. షాపతను బొటనవేలితో టైరు నొక్కి చూసి, "రాయిలాగుంది సార్, ఇక నెల రోజులు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నిజంగానే రాయిలా ఉంది. గండిపేట దాకా వెళ్లొచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కి, ఇంటి తాళం తిప్పబోతే వేళ్లు వంగలేదు. ఆ తర్వాత సీటు మార్చాను, జెల్ గ్లవ్స్ కొన్నాను, హ్యాండిల్‌కి మందపాటి టేపు చుట్టించాను. గాలి తగ్గించి చూద్దామని మాత్రం నాలుగు నెలలు తట్టలేదు.

ఆ నాలుగు నెలలు మీకు వృథా కాకూడదనే ఇది రాస్తున్నా. దీనికి కావాల్సింది ఒక ఆదివారం పొద్దున, గేజున్న ఫ్లోర్ పంపు, మి.మీ. గీతలున్న స్కేలు, ఇంట్లో బరువు చూసుకునే మిషను, ఆలెన్ కీల సెట్టు. కొత్త టైర్లు కొనాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. చాలాసార్లు ఉన్న టైర్లతోనే పని జరిగిపోతుంది.

ముందు ఒక అపోహ సంగతి తేల్చుకోవాలి

టైరు గట్టిగా ఉంటే సైకిల్ వేగంగా పోతుందని అందరం నమ్ముతాం. అద్దంలాంటి నేల మీద అందులో కొంత నిజముంది. గాలి ఎక్కువుంటే టైరు తక్కువ నలుగుతుంది, నలగడంలో పోయే శక్తి తగ్గుతుంది. కానీ మన రోడ్డు అద్దం కాదుగా. తారులో పైకి తేలిన కంకర, అతుకులు, గతుకులు అన్నీ ఉంటాయి. టైరు మెత్తగా ఉంటే ఆ కంకర రాయి మేరకు లోపలికి ముడుచుకుని దాటేస్తుంది. రాయిలా ఉంటే ముడుచుకోలేదు, సైకిల్‌తో పాటు మిమ్మల్నీ ఎత్తి పడేస్తుంది. ఎత్తడానికి పోయే శక్తి మీ కాళ్లలోదే. ఆ కుదుపు మీ చేతుల్లో, నడుములో అరిగిపోతుంది. అంటే ఒక హద్దు దాటాక గాలి పెంచేకొద్దీ సైకిల్ మీద పడే భారం పెరుగుతుంది. కానీ మనకు అలా అనిపించదు. గజగజలాడుతుంటే మనసు దాన్ని వేగం అనుకుంటుంది.

ఈ సంగతి టైరు పుట్టినప్పుడే బయటపడింది. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిల్‌కి గాలి టైర్లు అమర్చి 1888లో పేటెంటు తీసుకున్నది గట్టి రబ్బరు చక్రాల కుదుపు తగ్గించడానికే. మరుసటి ఏడాది అదే ఊళ్లో విల్లీ హ్యూమ్ అనే రైడరు ఆ లావుపాటి టైర్లతో పందేలు గెలిచేశాడు. కుదుపు తగ్గించడానికి చేసింది వేగానికీ పనికొచ్చింది. ఆ తర్వాత వందేళ్లలో పందెం సైకిళ్లు సన్నబడుతూ 20, 23 మి.మీ. దాకా వెళ్లాయి. ఇప్పుడు మళ్లీ లావెక్కుతున్నాయి. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 28 మామూలైపోయింది. రాళ్లు పరిచిన దారుల్లో సాగే పారిస్-రూబే పందెంలో 30, 32 కనిపిస్తాయి.

1. టైరు పక్కన రాసింది చదవండి

తడిగుడ్డతో టైరు పక్క భాగం తుడిస్తే రెండు కొలతలు కనిపిస్తాయి. ఒకటి 700×28సీ లాంటిది, ఇంకోటి 28-622 లాంటిది. మొదటిది వాడుక పేరు, రెండోది అసలు కొలత. 28 అంటే వెడల్పు. 622 అంటే రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. కొత్త టైరు కొనేటప్పుడు ఈ రెండో అంకె కలిసిందో లేదో చూసుకుంటే చాలు.

ఇక్కడ బోల్తా పడేవాళ్లు ఎక్కువ. 29 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైకు) టైరు కూడా 622నే, అంటే 700సీ రిమ్ము, అదీ ఒకే వ్యాసం. 27.5 అంగుళాలది 584, 26 అంగుళాల ఎంటీబీది 559. ఒకప్పుడు పాలవాళ్లు, పోస్టుమ్యాన్లు తొక్కిన పెద్ద నల్ల సైకిల్‌కి 28 అంగుళాల టైరు ఉంటుంది, దాని రిమ్ము 635. షాపుకెళ్లి "28 టైరివ్వండి" అంటే అతను మీ చేతిలో ఏది పెడతాడో చెప్పలేం. "28-622" అని అడగండి.

అక్కడే గాలి లెక్క కూడా ఉంటుంది, "60 నుంచి 85 పీఎస్ఐ" అనో, ఒట్టి "మాక్స్ 85" అనో. అది టైరు తట్టుకునే హద్దు మాత్రమే. లిఫ్టులో "ఆరుగురు" అని రాసి ఉందని ఆరుగురు పోగయ్యేదాకా మనం ఆగం కదా, ఇదీ అంతే. కొన్నిచోట్ల బార్ అని ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ.

రిమ్ము మీద కూడా ఒక హద్దు రాసి ఉండొచ్చు. రెండింట్లో తక్కువున్నదే మీ హద్దు. ఈమధ్య కొన్ని ఖరీదైన చక్రాలకు హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరు అంచుని పట్టి ఉంచే వంపు లేనివి, వస్తున్నాయి. వాటిలో 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. టైరు కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే వేయాలి.

2. ఎంత లావు టైరు పడుతుందో కొలవండి

దీనికి స్కేలు కంటే ఆలెన్ కీ బాగా పనికొస్తుంది. 4 మి.మీ. కీ తీసుకుని టైరుకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకీ మధ్య, అటూ ఇటూ, పైన బ్రేకు కింద దూర్చి చూడండి. వెనక చక్రానికైతే పెడల్ దగ్గర నుంచి చక్రం దాకా వచ్చే రెండు గొట్టాల మధ్య, సీటు కింది బ్రేకు దగ్గర చూడండి. చక్రం మెల్లగా తిప్పుతూ చూడాలి, ఎందుకంటే రిమ్ము కాస్త సొట్ట ఉంటే ఒక చోట సందు ఉండి ఇంకో చోట ఉండదు. కొత్త టైరు వేశాక కూడా నాలుగు వైపులా ఆ 4 మి.మీ. మిగలాలి. వానాకాలంలో చక్రానికి బురద, కంకర అంటుకుని లోపలికి వస్తాయి. సందు లేకపోతే ఫ్రేము పెయింటును ఉలితో చెక్కినట్టు చెక్కేస్తాయి.

ఇప్పుడున్నది 25 అయి, పక్కల 6 మి.మీ. కీ, పైన 8 మి.మీ. కీ సులువుగా దూరుతోందంటే 28 పడుతుంది. రిమ్ముని పట్టే బ్రేకులున్న పాత రోడ్డు సైకిళ్లలో చాలావరకు అక్కడితో సరి. వెడల్పుకి గొట్టాల మధ్య చోటున్నా, పైన బ్రేకు చేయి అడ్డం వస్తుంది. డిస్కు బ్రేకుల సైకిళ్లలో 32, కొన్నిట్లో 35 కూడా పడతాయి. రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్య రకమైన హైబ్రిడ్లకు 35, 38, 40 ఎలాగూ ఉండేవే. మడ్‌గార్డులు వేసుకుంటే ఒక సైజు తగ్గించుకోవాలి.

టైరు మీద రాసిన వెడల్పు, నిజం వెడల్పు ఒకటే అనుకోవద్దు. రిమ్ము లోపలి వెడల్పు పెరిగితే అదే టైరు ఇంకాస్త విచ్చుకుంటుంది. నా 28 టైరు పాత 15 మి.మీ. రిమ్ము మీద 27 ఉండేది, 21 రిమ్ము మీద 30కి దగ్గరగా వచ్చింది. గాలి లెక్క వేసేటప్పుడు స్కేలుతో కొలిచిన అంకె వాడండి. లోపలి వెడల్పు 17 ఉన్న రిమ్ముకి 25 నుంచి 32 దాకా ధీమాగా వేయొచ్చు, 19 నుంచి 21 ఉంటే 28 నుంచి 40 దాకా.

3. మీ రోడ్డుకి ఏ వెడల్పు

నన్నడిగితే, ఫ్రేములో పట్టినంత లావు టైరు వేయమంటాను. పందేలకు వెళ్లని మనిషికి 25తో పని లేదు. కానీ రోడ్డును బట్టి కొంచెం తేడా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు ట్రాకు 23 కిలోమీటర్లు. అలాంటి నున్నటి దారి మీదే మీ తిరుగుడంతా అయితే 28 చాలు. వైజాగ్ బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు పొద్దున్నే వెళ్లేవాళ్లకూ అంతే. అక్కడిదాకా చేరే గల్లీలను కూడా లెక్కలో వేసుకోండి, ఇంటి నుంచి ట్రాకు దాకా ఆరు కిలోమీటర్ల గతుకులుంటే మీ రోడ్డు ఆ గతుకులే.

మామూలు జిల్లా రోడ్డుకి, పల్లెటూళ్ల మీదుగా పోయే డబుల్ రోడ్డుకి 32 నా ఎంపిక. తారు లేచి కంకర తేలిన చోట 28తో ఎంత గాలి తగ్గించినా ఒక హద్దుంటుంది, 32తో ఊపిరాడుతుంది. ఊళ్లలో సీసీ రోడ్డు చూడ్డానికి బాగుంటుంది గానీ, జారకుండా ఉండేందుకు దాని మీద గీసిన అడ్డగీతలు సన్న టైరుకి అరిగిన గిలకలాగా గర్‌ర్‌మని మోగుతాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. పక్కకి, మట్టి అంచు మీదికి దిగక తప్పదు. అప్పుడు 35 ఉన్నవాడు నింపాదిగా దిగుతాడు, 25 ఉన్నవాడు దిగి నడిపించుకుంటాడు.

ఎంటీబీ కొని రోడ్డు మీదే తొక్కుతున్నవాళ్లకి ఒక మాట. గడ్డలు గడ్డలుగా ఉన్న ఆ టైర్లు తీసేసి, 1.5 నుంచి 1.75 అంగుళాల నున్నటి టైర్లు వేయండి. తారు మీద ఆ గడ్డలు చప్పుడు చేయడానికి తప్ప ఎందుకూ పనికిరావు. నున్నటి టైరు వానలో జారుతుందన్న భయం వద్దు. కారు టైరు కింద నీళ్లు చిక్కుకున్నట్టు సైకిల్ టైరు కింద మన వేగాల్లో చిక్కుకోవు. పట్టు వచ్చేది రబ్బరు నుంచే. నిజంగా జారేది తెల్లటి జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఆయిలు మరకలు. వాటి మీద ఏ టైరైనా జారుతుంది.

టైరు వెడల్పు ఒక్కటే చాలదు, అది ఎంత మెత్తగా అల్లినదో కూడా చూడాలి. షాపులో రెండు టైర్లు చేతిలోకి తీసుకుని పక్కలు నొక్కి చూడండి. ఒకటి పాత చెప్పు అట్టలా, ఇంకోటి మందపాటి గుడ్డలా ఉంటుంది. ఆ రెండోది అదే గాలితో ఎంతో హాయిగా పోతుంది. వెల మాత్రం రెండు మూడింతలుంటుంది, కంచె ముళ్లకి కొంచెం త్వరగా లొంగుతుంది.

4. బరువు చూసుకోండి

మీరు తొక్కే బట్టలతో, బూట్లతో, నిండు నీళ్ల బాటిళ్లతో సైకిల్‌ని చేతుల్లో ఎత్తుకుని బరువు మిషను మీద నిలబడండి. వచ్చిన అంకెతోనే మన లెక్క. నాది 87 వస్తుంది. కాస్త ముందుకి వంగి తొక్కే రోడ్డు సైకిల్ మీద ఇందులో దాదాపు 55 శాతం వెనక చక్రం మోస్తుంది. నిటారుగా కూర్చునే హైబ్రిడ్ మీద 60 దాకా పోతుంది. అందుకే ముందు చక్రానికి గాలి తక్కువ కొట్టాలి. రెంటికీ సమానంగా కొడితే చేతులే ముందు గోల పెడతాయి.

చక్రం మోసే బరువుని గాలి ఒత్తిడితో భాగిస్తే, నేలకి ఆనే రబ్బరు ఎంతో దాదాపుగా తెలుస్తుంది. 45 కిలోలంటే సుమారు 100 పౌండ్లు. 70 పీఎస్ఐ ఉంటే నేల మీద ఆనేది ఒకటిన్నర చదరపు అంగుళం కూడా ఉండదు, అగ్గిపెట్టెలో సగం. 110 కొడితే అది అగ్గిపెట్టెలో మూడో వంతుకి పడిపోతుంది. మీకూ రోడ్డుకీ మధ్య ఉన్న సంబంధమంతా అంతే. దాన్ని ఇంకా తగ్గించుకోవడం ఎందుకు?

5. మొదలుపెట్టాల్సిన అంకె

మొత్తం బరువు 85 కిలోలు, టైర్లలో మామూలు ట్యూబులు, రోడ్డు ఓ మోస్తరు అనుకుంటే నేను ఇక్కడ మొదలుపెడతాను:

25 మి.మీ. – ముందు 80, వెనక 85 పీఎస్ఐ
28 మి.మీ. – ముందు 65, వెనక 70
32 మి.మీ. – ముందు 52, వెనక 57
35 మి.మీ. – ముందు 45, వెనక 48
40 మి.మీ. – ముందు 36, వెనక 40
50 మి.మీ., అంటే రెండంగుళాలు – ముందు 28, వెనక 32

బరువు పది కిలోలు అటూ ఇటూ అయితే 28కి ఆరేడు, 32కి నాలుగైదు, 40కి మూడు నాలుగు పీఎస్ఐ కలపండి లేదా తీయండి. టైరు మీద రాసిన కనీస హద్దు కంటే కిందికి మాత్రం పోవద్దు.

లావు టైరుకి ఇంత తక్కువెందుకని అనుమానం రావచ్చు. టైరు గోడ ఎంత బిగుసుకుంటుందన్నది గాలి ఒత్తిడి ఒక్కదాని మీదే ఆధారపడదు, టైరు లావుతో కూడా పెరుగుతుంది. 25 టైరులో 90 కొడితే ఎంత బిగుతో, 32 టైరులో 70కే అంత బిగుతు వస్తుంది. అందుకే లావు టైరు వేసి పాత అంకే కొట్టేవాళ్లు "లావు టైరు వేసినా హాయి ఏమీ లేదు" అంటారు. డబ్బులు పోసి కొన్న మెత్తదనాన్ని పంపుతో తీసేశారు మరి. పైగా రిమ్ముకి కూడా అది మంచిది కాదు, లావు టైరు అదే ఒత్తిడి దగ్గర రిమ్ము అంచుల్ని ఎక్కువ బలంతో బయటికి తోస్తుంది.

6. గాలి కొట్టేటప్పుడు

మొదట వాల్వు ఏదో చూసుకోండి. బైకులకు, కార్లకు ఉండే లావు వాల్వు ష్రేడర్. రోడ్డు సైకిళ్లకుండే సన్నటిది ప్రెస్టా. దాని కొనలోని బుల్లి నట్టు విప్పి, ఒకసారి వేలితో తట్టి, తుస్సుమన్నాక పంపు తల నిటారుగా పెట్టాలి. వంకరగా పెడితే ఆ సన్న పుల్ల వంగిపోతుంది. పాత సైకిళ్లకుండే, లోపల రబ్బరు గొట్టమున్న మూడో రకం వాల్వుకి గేజు సరైన అంకె చూపదు, గాలి వెనక్కి రాదు గనుక. మీ రిమ్ము కన్నంలో పడితే బైకు వాల్వున్న ట్యూబు వేయించుకోండి.

పంపు తల పీకేటప్పుడు పెద్దగా తుస్సుమంటుంది. అది పంపు గొట్టంలోని గాలి, ట్యూబులోది కాదు. కంగారుపడి ఇంకో ఐదు కలపొద్దు. పంపు గేజులు ఒకదానికొకటి కలవవు, నా దాంట్లో 65 మా తమ్ముడి దాంట్లో 70 చూపిస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే పంపు వాడండి. అప్పుడు గేజు తప్పు చూపించినా ఎప్పుడూ ఒకేలా తప్పు చూపిస్తుంది, మన పనికి అది చాలు.

పంచర్ షాపులోనో, పెట్రోల్ బంకులోనో కొట్టించాల్సి వస్తే ప్రెస్టాకి చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంచుకోండి. కంప్రెసర్ పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కితే సన్న ట్యూబు రెండు క్షణాల్లో హద్దు దాటేస్తుంది. కొంచెం కొంచెంగా నొక్కమని చెప్పాలి. "అన్నా, డెబ్బై చాలు" అంటే మా వీధి షాపతను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాడు. "అంత మెత్తగానా సార్? పంచరైతే నన్నడగొద్దు" అంటాడు. బొటనవేలితో నొక్కి చూస్తే 70కీ 100కీ తేడా తెలియదని ఆయనకు చెప్పి లాభం లేదు. మీరు మాత్రం వేలిని నమ్మొద్దు.

7. స్కేలుతో ఒకసారి సరిచూసుకోండి

ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఇంజనీరు కొలతలు తీసి చెప్పిన లెక్క ఒకటి సైక్లిస్టుల్లో బాగా పాకింది. మనిషి ఎక్కి కూర్చుంటే టైరు తన ఎత్తులో దాదాపు 15 శాతం దిగాలి. 28 టైరుకి 4 మి.మీ., 32కి 5, 40కి 6.

ఇంట్లో ఎవరినైనా పిలవండి. సైకిల్‌ని గోడ పక్కన నిలబెట్టి, మనిషి ఎక్కకముందు నేల నుంచి రిమ్ము అంచు దాకా ఎంతుందో స్కేలు నిలబెట్టి ఫోనుతో దగ్గరగా ఫొటో తీయాలి. తర్వాత మీరు ఎక్కి, మోచేయి గోడకి ఆనీ ఆననట్టు పెట్టుకుని, తొక్కేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. మళ్లీ ఫొటో. ముందు చక్రానికోసారి, వెనక దానికోసారి. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయి చేసింది. నేల మీద బోర్లా పడుకుని, "నాన్నా కదలకు, ముప్ఫై రెండు... కాదు, ముప్ఫై ఒకటిన్నర" అంటూ. ఎక్కకముందు 35 ఉన్నది 31.5కి వచ్చింది. అంటే మూడున్నర మి.మీ. దిగింది, ఇంకా కొంచెం గాలి తగ్గించొచ్చన్నమాట. 15 కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ దిగినా ఫర్వాలేదు. 20 దాటితే గుంతల్లో రిమ్ము తగిలే ప్రమాదముంది.

8. రోడ్డు మీద తేల్చుకోండి

అసలు తీర్పు ఇక్కడే. మీరు రోజూ వెళ్లే దారిలో రెండు కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి. అందులో మంచి తారు కొంత, పాడైన చోటు ఒకటి, స్పీడ్ బ్రేకరు ఒకటి, ఒక మలుపు ఉండాలి. మొదటి రౌండు మన అంకెతో. రెండో రౌండుకి రెండు టైర్లలో ఐదేసి పీఎస్ఐ తగ్గించండి. మూడో రౌండుకి ఇంకో ఐదు. టైరు 40 కంటే లావుంటే ఐదు బదులు మూడు చాలు. మొదటి రౌండుకీ మూడో రౌండుకీ తేడా చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఒకటే సైకిల్, ఒకటే రోడ్డు, పాడైన చోట హ్యాండిల్ వదిలేస్తుందేమో అన్నంత టెన్షన్ మొదటిసారి, మూడోసారి అక్కడే పెడల్ ఆపకుండా దాటేస్తారు.

గాలి ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? హ్యాండిల్ సన్నగా కొట్టుకుంటూనే ఉంటుంది, బాటిల్ గలగలమంటుంది, మలుపులో గతుకు వస్తే చక్రం పక్కకి ఎగురుతుంది. తక్కువైతే లేచి నిలబడి తొక్కినప్పుడు వెనక టైరు మెత్తగా ఊగుతుంది, మలుపులో ముందు చక్రం కాస్త ఆలస్యంగా తిరుగుతున్నట్టుంటుంది, గుంత అంచు తగిలినప్పుడు "టక్"మని ఇనుము చప్పుడు వస్తుంది. ఆ టక్ వినపడిన అంకెకి ఐదు కలపండి. అదే మీ అంకె. ఫోనులో రాసి పెట్టుకోండి.

టక్‌ను పట్టించుకోకపోతే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి, పాము కాటులాగా. ట్యూబు విప్పినప్పుడు రెండు కన్నాలుంటే గాలి తక్కువని, ఒక్కటే ఉంటే ముల్లు అని గుర్తు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ ఏ అంకెకీ భయపడవు. 60 ఉన్నా గుచ్చుతాయి, 110 ఉన్నా గుచ్చుతాయి. మట్టి అంచు దిగి మళ్లీ రోడ్డెక్కగానే ఓసారి ఆగి టైర్లు చూసుకోండి. ప్యాచీ వేశాక టైరు లోపల చిన్న దూది ముక్కతో చుట్టూ తుడిస్తే మిగిలిన ముల్లు కొన దానికి చిక్కుకుంటుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది.

ఎండ, వాన, ఘాటు

పది డిగ్రీలు వేడి పెరిగితే 70 పీఎస్ఐ ఉన్న టైరులో దాదాపు మూడు పెరుగుతుంది. మే నెలలో పొద్దున ఐదింటికి నీడలో కొట్టిన 70, పదకొండింటికి ఎండలో నిలబెట్టిన సైకిల్‌లో 77 అయినా వింత లేదు. మన అంకెల దగ్గర అదేమీ ప్రమాదం కాదు. హద్దు దాకా కొట్టి ఎండలో వదిలేసేవాళ్ల ట్యూబులే మధ్యాహ్నం ఢామ్మంటాయి. అరకు ఘాటు లాంటి పొడవైన దిగుడులో రిమ్ముని పట్టే బ్రేకులు అదే పనిగా నొక్కితే రిమ్ము కాలిపోయేంత వేడెక్కుతుంది, లోపలి గాలీ దాంతో పాటే. వరుసగా పట్టుకోకుండా, గట్టిగా నొక్కి వదిలేస్తూ దిగండి.

వానలో నేను రెంటికీ ఐదు తగ్గిస్తాను. వెనక క్యారియర్ మీద పదికిలోల సామాను కట్టినప్పుడు వెనక మాత్రమే పెంచుతాను. ట్యూబులెస్ టైర్లున్నవాళ్లు పై అంకెల్లో ఇంకో ఐదు దాకా తగ్గించొచ్చు, నలగడానికి ట్యూబే లేదు కదా. కానీ కన్నాలు పూడ్చడానికి లోపల పోసే సీలెంటు ద్రవం మన ఎండలకి ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

ఇక గాలి దానంతటదే దిగుతుంది. సన్న టైరులో రోజుకి ఒకటి రెండు పీఎస్ఐ పోవడం మామూలే, ట్యూబు బాగున్నా సరే. నెల రోజులు చూడక్కర్లేదన్న మాట మోటారు బైకుకి కూడా చెల్లదు. 28, 32 వాడేవాళ్లు వారానికోసారి, 40 దాటినవాళ్లు రెండు వారాలకోసారి చూసుకుంటే సరిపోతుంది.

25 నుంచి 28కి మారి, ముందు 62, వెనక 68 దగ్గర నేను స్థిరపడి మూడేళ్లయింది. గండిపేట రూటులో నా సగటు వేగం తగ్గలేదు, జెల్ గ్లవ్స్ అటక మీద ఉన్నాయి. అదే సైకిల్‌ని సీటు దించి మా అమ్మాయి కూడా తొక్కుతుంది. తను 48 కిలోలు, నా అంకెలు తనకి రాళ్లే. తనకి ముందు 45, వెనక 50. పంపు గొట్టానికి తెల్ల టేపు అంటించి దాని మీద ఇద్దరి అంకెలూ రాసుకున్నాం. ఆదివారం నేను ముందు లేస్తే నా అంకె కొడతాను, తను ముందు లేస్తే ఆ రోజు నాకు సైకిల్ లేదు.